వేరే పుస్తకం తెరిచి చదివిన పిల్ల

మా వీధిలో ఉండే ఒక అమ్మాయికి ఈమధ్య రిసోర్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడని పిల్లలకు మామూలు బడిలోనే తోడుండి నేర్పే పని అది. చేరే ముందు రోజు మా ఇంటికొచ్చి, "ఆంటీ, ట్రైనింగుల అన్నీ చెప్పిన్రు గని ఏం జేయాల్నో సమజైతలేదు" అంది. నేను కూడా అలాగే చేరాను. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు టీచరుగా పనిచేశాక, చివరి తొమ్మిదేళ్లు ఈ పనిలో గడిపి సిద్దిపేటలో రిటైరయ్యాను. ఫారాలు ఎలా నింపాలో, ఏ కాగితం ఎవరికి పంపాలో ఆఫీసులో ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగింది రూతు అనే ఒక పిల్ల సంగతి. ఈ పని గురించి నాకు తెలిసినదంతా ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను. ఎక్కువభాగం నా తప్పుల వల్లనే.

బ్రౌను అట్ట

చిన్నకోడూరు వైపు ఒక ఊరి హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు రూతు నా తరగతిలో ఏడో క్లాసు. వాళ్లమ్మ మరియమ్మ పత్తి చేలలో కూలికి వెళ్లేది. తండ్రి లేడు. రూతు గొంతు గంటలా ఉండేది. ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించేది ఆమే. ఎవరైనా అధికారి వస్తే, "రూతూ, పాఠం చదువమ్మా" అనేవాళ్లం. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచి చదివేది. బోర్డు మీది పాఠం దించుకుంటే దస్తూరి కూడా ముత్యాల్లా ఉండేది. పరీక్షల్లో మార్కులు తక్కువొస్తే భయపడిందిలే అనుకునేవాళ్లం.

అప్పుడే నాకు అదనంగా ప్రత్యేక అవసరాల పిల్లల బాధ్యత అప్పజెప్పారు. ఐదు రోజుల శిక్షణ ఇచ్చారు. చూపు తక్కువున్నవాళ్లు, వినిపించనివాళ్లు, నడవలేనివాళ్లు ఎవరెవరో పేర్లు రాసుకున్నాను. "అభ్యసన వైకల్యం" అనే మాట కూడా నోట్సులో రాసుకున్నాను. అది ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. చూస్తే తెలిసిపోతుందనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం వాన జల్లు లోపలికి కొడుతోంది. రూతును పాఠం చదవమని, వెనక కిటికీ మూయడానికి వెళ్లాను. తిరిగి వస్తూ ఆమె వెనకగా నడిచాను. పాఠం చక్కగా సాగుతోంది. నా చూపు ఆమె పుస్తకం మీద పడింది.

అది సాంఘిక శాస్త్రం పుస్తకం.

నదుల పటం ఉన్న పేజీ తెరిచి ఉంది. పటం కింద ఉన్న వాక్యాల మీద ఆమె వేలు ఎడమనుంచి కుడికి మెల్లగా జరుగుతోంది. నోరు మాత్రం తెలుగు పాఠం చెబుతోంది. ఒకచోట ఆగి, ఊపిరి పీల్చుకుని, పేజీ తిప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆ రోజు పుస్తకాలన్నిటికీ కొత్తగా బ్రౌను అట్టలు వేసుకుని వచ్చింది. అట్ట మీద చీటీ ఉంది. చీటీ చదివితే ఏ పుస్తకమో తెలిసేది.

నేను అక్కడే నిలబడిపోయాను. రెండేళ్లుగా ఈ పిల్ల చదువు విని మెచ్చుకున్నాను. మిగతా పిల్లలను, "దాన్ని చూసి నేర్చుకోండి" అని తిట్టాను. ఒక్క అక్షరం రాని పిల్ల నా ముందు రెండేళ్లు చదివింది!

"అందరు గట్లనే గద?"

బడి విడిచాక ఆపాను. నాకు కోపంగా ఉంది, మోసపోయానన్న కోపం. సాంఘిక శాస్త్రం పుస్తకం ముందు పెట్టి, "ఏం నాటకం రూతూ ఇది? ఇదేం పుస్తకం?" అన్నాను.

ఆమె పుస్తకం వంక చూసి, నా వంక చూసింది. "తెలుగు పుస్తకమే గద టీచర్?"

"ఇది తెలుగు కాదు. సోషల్. నువ్వు చదివింది ఇందులో ఎక్కడుంది?"

తడబడలేదు, ఏడవలేదు. నా ప్రశ్న అర్థం కానట్టు నిలబడింది. "పొద్దుగాల ఆటోల వచ్చేటప్పుడు శిరీష చెప్పింది టీచర్. రెండుసార్లు చెప్తే నాకు యాదికుంటది. శిరీషకు వాళ్లక్క చెప్తది. అక్కకు ఇంకెవలో చెప్తరు." కొంచెం ఆగి, "అందరు గట్లనే గద టీచర్ సదివేది?" అంది.

 ఈ పిల్ల దృష్టిలో చదవడమంటే అదే. ఎవరో చెప్తారు, వినాలి, గుర్తుపెట్టుకోవాలి, పుస్తకం ముందు పెట్టుకుని వేలు జరుపుతూ చెప్పాలి. లోకమంతా అలాగే చేస్తోందని ఏడేళ్లుగా నమ్మింది. ఒకటో తరగతినుంచి ఆమెకు పాఠం చెప్పిన మాలో ఏ ఒక్కరమూ ఆమె ఏం నమ్ముతోందో అడగలేదు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజు ఆరోగ్య శాఖవాళ్లు దోమల గురించి కరపత్రాలు పంచి వెళ్లారు. ఒకటి నా బల్ల మీద ఉంది. వరండాలో అక్కకోసం ఎదురుచూస్తున్న ఒక ఐదో తరగతి పాపను పిలిచి, "ఇది చదువు" అన్నాను. ఆ పాప ఎన్నడూ చూడని కాగితాన్ని గడగడా చదివేసింది.

రూతు ఆ పాప నోటినే చూస్తోంది. కాగితం వంక చూసింది. మళ్లీ పాప వంక చూసింది.

"గీమెకు ఎవలు చెప్పిన్రు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. కాగితంలోనే ఉంది."

ఆ మాట విన్నాక రూతు మొహం తెల్లబోయింది. అంతకుముందు నేను ఎంతగా దిగ్భ్రాంతి చెందానో, అంతకు పదింతలు ఆ మొహంలో కనిపించింది. తనకొక్కదానికే లేని శక్తి ఒకటి మనుషులందరికీ ఉందని పన్నెండేళ్ల పిల్లకు అర నిమిషంలో తెలిసింది. తెలిపింది నేను, తనకన్నా చిన్నపిల్లను ముందు నిలబెట్టి. ఆమె సంచీ తీసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు బడికి రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు.

కొత్తగా వచ్చే మీకు మొట్టమొదట ఇదే చెబుతాను. పిల్లలకు ఏం రాదో కనిపెట్టడం తేలిక. ఆ సంగతి వాళ్లకు ఎలా చెప్పాలో ఆలోచించకుండా కనిపెట్టకండి.

పత్తి చేనులో

నాలుగో రోజు రూతుతో ఆటోలో వచ్చే శిరీషను వెంటబెట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. ఇంటికి తాళం ఉంది. తల్లీకూతుళ్లు ఇద్దరూ చేనులో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు. నన్ను దూరంనుంచి చూడగానే రూతు సాలు మారి అవతలికి పోయింది. మరియమ్మ నడుముకు కట్టుకున్న పత్తి ఒడి విప్పకుండానే ఎదురొచ్చింది.

"ఐదో తరగతి పోరి ముంగట నా బిడ్డ ఇజ్జత్ తీసినవంట గదా టీచరమ్మా?" అంది. "నా బిడ్డ ఐతారం ఐతారం ప్రార్థనల వాక్యం సదువుతది. ఊరంత ఇంటరు. గామెకు సదువు రాదంటవా?"

"తప్పు నాదేనమ్మా. అలా చేసి ఉండకూడదు," అన్నాను. తర్వాత చర్చిలో చదివే వాక్యం సంగతి అడిగాను. ముందు రోజు పాస్టరమ్మ ఏది చదవాలో చెప్పి చదివి వినిపిస్తుందట. అంతకంటే ఏమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. మరియమ్మకు కూడా అర్థమైపోయింది. చేతిలో ఉన్న పత్తిని పిసుకుతూ ఉండిపోయింది.

శిక్షణలో చెప్పిన మాటలు గుర్తుచేసుకుని ఆమెకు చెప్పాను. కొందరికి చూపు బాగానే ఉంటుంది, తెలివి బాగానే ఉంటుంది, అక్షరాన్నీ దాని శబ్దాన్నీ కలిపి పట్టుకోవడం మాత్రం కుదరదు. ఒక అక్షరం ఇంకోదానిలా అనిపిస్తుంది, నిన్న చూసింది ఇవాళ కొత్తగా ఉంటుంది అన్నాను.

 మరియమ్మ మెల్లగా అంది: "నాకు గూడ గట్లనే ఉంటుండె."

"ఏమిటి?"

"అచ్చరాలు నిలవడకపోతుండె. రెండో తరగతిల సార్ నన్ను బల్ల కింద కూసోబెట్టిండు. మొద్దుదానివి, నీకు బల్ల మీద జాగ ఎందుకన్నడు. తెల్లారికెల్లి నేను బడికి పోలే." ఒడిలోని పత్తి వంక చూస్తూ చెప్పింది. "నా బిడ్డకు నా బాధ రాలేదని ఐతారం ఐతారం దేవునికి దండం పెడుతున్న టీచరమ్మా. గామె సదువుతుంటే ఏడుస్తుంటి."

 శిరీష బెదిరిపోయి నా చీర కొంగు పట్టుకుంది.

"గిది రోగమా?" అడిగింది మరియమ్మ.

"రోగం కాదు. కొందరి మెదడు అలా ఉంటుంది. వేరే పద్ధతిలో నేర్పితే నెమ్మదిగా వస్తుంది. తెలివి తక్కువ అనేది మాత్రం అబద్ధం."

"మరి నేను మొద్దుదాన్ని కాదా?"

నలభై ఏళ్ల మనిషి ఆ ప్రశ్న అడిగింది. చిన్నపిల్ల గొంతుతో అడిగింది. "కాదమ్మా," అన్నాను. ఆమె గట్టు మీద కూర్చుండిపోయింది. సాలు అవతలనుంచి రూతు అంతా వింటోందని అప్పటిదాకా నేను గమనించలేదు. వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "రేపు వస్త టీచర్," అంది. "గని ఎవల ముంగట సదివియ్యద్దు."

నేను మాటిచ్చాను. తిరుగు ఆటోలో నా మనసంతా పాత పిల్లల మీదే ఉంది. జగదేవ్‌పూర్‌లో పనిచేసిన కాలంలో ఒక పిల్లతో ఒకే పదం వందసార్లు రాయించాను. వందసార్లూ తప్పే రాసింది. పొగరనుకుని అరచేతుల మీద కొట్టాను. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు. ఇరవై ఏళ్లలో అలాంటివాళ్లు నా చేతుల మీదుగా ఎంతమంది వెళ్లారో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

హెడ్మాస్టరు గారి సలహా

మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. పిల్లలకు జ్వరమొస్తే సొంత బండి మీద దవాఖానకు తీసుకెళ్లే మనిషి. అందుకే ఆయన మాట విని మరీ నివ్వెరపోయాను.

"మేడం, గిది మనిద్దరి నడుమనే ఉండనియ్యున్రి," అన్నాడు. "ప్రార్థనల సదివిస్తనే ఉందాం. ఎవలకు తెలుస్తది? తొమ్మిదో తరగతి అయినంక టీసీ ఇచ్చి ఓపెన్ స్కూల్ల రాయిద్దాం. మన పాస్ పర్సంటేజి ఎందుకు కరాబ్ చేసుకునుడు?"

"నాలుగు రోజుల కింద దాకా ఆమె మన బడిలో మంచి విద్యార్థి కదా సార్?"

"ఇప్పుడు గూడ మంచి పిల్లనే. గని రిజల్టు మంచితనం చూడదు గద మేడం."

ఆయనతో గట్టిగా పోట్లాడానని చెప్పుకోవాలని ఉంది. పోట్లాడలేదు. ప్రార్థనకు ముందు అరగంట, ఆటసామాను గదిలో చెప్పుకుంటానని మాత్రం అడిగాను. "కాగితం మీద ఏం వద్దు" అనే షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ షరతుకు నేనూ తలూపాను. దానివల్ల ఆమెకు రావాల్సిన వైకల్య ధ్రువపత్రం ఏడాదికి పైగా ఆలస్యమైంది. పై అధికారి మంచివాడైతే ఎదురు చెప్పడం ఇంకా కష్టం. ఆ కష్టానికి జడిసి పిల్ల హక్కును వదులుకోకండి.

మరకలు

రోజూ అరగంట. వాలీబాల్ నెట్టు, చెస్ డబ్బాల మధ్య ఇద్దరం కూర్చునేవాళ్లం. మ, య ఆమెకు ఒకటే. ప, వ ఒకటే. ఒత్తు వస్తే పదం మొత్తం కూలిపోయేది. అట్టముక్కల మీద ఒక్కో అక్షరం పెద్దగా రాసి నేర్పాను. నెల తిరక్కుండానే యాభైకి పైగా అక్షరాలు టకటకా చెప్పింది. నా ఆనందానికి హద్దు లేదు. ఇంత తేలికా అనుకున్నాను.

వాన నీళ్లు పడి అట్టలు పాడైతే ఒకరోజు కొత్తవి రాసుకొచ్చాను. మొదటి అట్ట చూపించాను. రూతు తల అడ్డంగా ఊపింది, తెలియదని. రెండోది. తెలియదు. మూడోది.

"నిన్న చెప్పావు కదా ఇది?"

"నిన్నటి దాని మీద ఛాయ్ మరక ఉండె టీచర్," అంది.

అంటే, అక్షరాలను చూడనేలేదు. మరకలు, మడతలు, చిరిగిన మూలలు గుర్తుపెట్టుకుంది. అంత జ్ఞాపకశక్తి! ఆ శక్తే ఆమెకు అడ్డం పడుతోంది. నేను ఉత్త చేతులతో కూర్చుండిపోయాను. "నేను మోసం చెయ్యలే టీచర్," అంది భయంగా. "నాకు తెలుసు," అన్నాను. నిజంగా తెలుసు, అప్పటికి.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. పళ్లెంలో ఇసుక పోసి వేలితో రాస్తూ పైకి శబ్దం పలకడం. కళ్లు మూసుకుని నా వేలు ఆమె అరచేతిలో ఏ అక్షరం రాసిందో చెప్పడం. పాత పోస్టుకార్డుకు సన్నని కిటికీ కోసి, ఒకసారికి ఒక్క పదమే కనిపించేలా పేజీ మీద జరపడం. రోజుకు రెండే అక్షరాలు. కొన్ని రోజులు ఒకటే. వాటిలో గొప్ప పద్ధతి ఏదీ లేదు. మానకుండా చేయడమే పద్ధతి. ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించే పని ఆమె తనంతట తానే శిరీషకు ఇచ్చేసింది. హెడ్మాస్టరు గారు కారణం అడగలేదు.

పదో తరగతి

ఇది చదువుతున్నవాళ్లు చివరికి ఏమైందని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. రూతు ఎనిమిదో తరగతి చివర్లో, షరతు పక్కనపెట్టి, నేనే కాగితం రాశాను. హెడ్మాస్టరు గారు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు సంతకం పెట్టాడు. ధ్రువపత్రం కోసం డాక్టర్ల క్యాంపుకు తీసుకెళ్తే వరుస చూసుకునే మనిషి పిల్లను కిందనుంచి మీదిదాకా చూసి, "కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి గదమ్మా, గీడికెందుకొచ్చిన్రు?" అన్నాడు. మూడుసార్లు తిరిగాక ఇచ్చారు.

పదో తరగతి పరీక్షలో ఆమె చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్ల రాసింది. అదనపు సమయం ఇచ్చారు. మొదటి రోజు పక్క గదిలో కూర్చోబెట్టినప్పుడు, "కాపీ కొట్టిస్తున్రా?" అని ఒక ఇన్విజిలేటరు అడిగితే, రూతు తానే అనుమతి కాగితం తీసి చూపించిందట. పాసైంది. బొటాబొటిగా కాదు, బాగానే పాసైంది. ఇప్పుడు గజ్వేల్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేస్తోంది. ఫొటోల వరస కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని ఓనరు అంటాడు. పేర్లు మాత్రం ఇంకొకరికి చూపించుకుంటుంది. పెద్ద పెద్ద మెసేజులు ఫోనుతో చదివించుకుని వింటుంది. ఈ వైకల్యం పోదు. పోతుందని ఏ తల్లికీ మాటివ్వకండి. దాంతోపాటు బతకడం మాత్రం నేర్పవచ్చు.

రిజిస్టరులో రెండో మాట

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

రూతు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. ఒక ఉదయం ఆటసామాను గదిలో ఆమెను ఇసుక పళ్లెం ముందు కూర్చోబెట్టి నీళ్లకోసం బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నా బల్ల దగ్గర నిలబడి ఉంది. నా ప్రత్యేక అవసరాల రిజిస్టరు తెరిచి ఉంది. తన పేరు తనకు కనిపించినట్టుంది. దాని పక్క గడిలో ఉన్న అక్షరాల మీద పోస్టుకార్డు కిటికీ పెట్టి జరుపుతోంది. పెదవులు కదులుతున్నాయి.

"చ... ద... వ... డం... రా... దు."

ఒక్క క్షణం నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఎవరూ చెప్పని మాట, ముందుగా విని గుర్తుపెట్టుకోని మాట, కాగితంలోనుంచి తనంతట తానే తీసింది! మరుక్షణం ఆ గడిలో ఇంకో మాట కూడా ఉందని గుర్తొచ్చింది. ఏడో తరగతిలో ఆ వానరోజు, బడి విడిచి ఆమెను అడగకముందే, కోపంలో రాసిన మాట. రాసి మరచిపోయాను. ఆ తర్వాత రెండేళ్లు ఆ పేజీ తిప్పుతూనే ఉన్నాను, కళ్లకు కనిపించలేదు. కార్డు పక్కకు జరిగింది.

"న... టి... స్తుం... ది."

ఒత్తు దగ్గర రెండుసార్లు ఆగింది. మూడోసారి సరిగ్గా పలికింది. నావైపు తిరిగి, "నటిస్తుంది అంటే ఏంది టీచర్?" అని అడిగింది.

ఆమెకు నిజంగానే ఆ మాటకు అర్థం తెలియదు. నేను ఏం చెప్పినా నమ్మేది.  "రానిది వచ్చినట్టు చూపించడం," అన్నాను.

ఆమె మళ్లీ ఆ గడి వంక చూసింది. "ఎవలు రాసిన్రు?"

"నేనే."

 బయట ప్రార్థనకు పిల్లలు వరుస కడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేను అట్ల చెయ్యలే టీచర్," అంది రూతు. "నేను అదే సదువుడు అనుకున్న."

"తెలుసమ్మా. నేను తప్పు రాశాను."

"మరి కొట్టెయ్యున్రి."

ఎర్ర పెన్ను తీసి ఆ మాటను కొట్టేశాను. ఆ ఊపులోనే దాని ముందున్న "చదవడం రాదు" అన్నది కూడా కొట్టేయబోయాను. రూతు నా చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనియ్యున్రి టీచర్," అంది. "అప్పుడు నాకు రాకుండె గద."